రెప్పగడువు

వెనిగరులో తడిపిన గుడ్డతో వేలితొడుగులను ఒక్కొక్కటిగా తుడిచి బల్ల మీద బోర్లిస్తోంది మల్లేశ్వరి. బడిలో పొద్దుటి మొదటి పని అదే. పిల్లల చెమటా, ఇడ్లీల మీద పోసుకున్న నూనే కలిసి రాత్రంతా నానడంతో ఆ తొడుగుల్లోంచి పులిసిన వాసన వస్తుంది. పదిహేనేళ్ల కిందట తెలుగు పంతులమ్మగా చేరినప్పుడు బోర్డు తుడవడానికి కూడా చెయ్యి మురికవుతుందని గునిసిన మనిషి ఆమె. ఇప్పుడు తుడవడమే ఉద్యోగమైంది. చూపుడువేలికి సరిపోయే ఆ పల్చటి తొడుగుల కొసలు నొక్కీ నొక్కీ నున్నబడిపోయి ఉంటాయి. లోహిత్ తొడుగైతే కొస అరిగి లోపలి తీగ బయటపడింది. దీవెన తొడుగు మాత్రం మిగతావాటిలో సగం కూడా అరగలేదు.

ఆ తొడుగు చేతిలోకి వచ్చేసరికి మల్లేశ్వరికి ఒళ్లు మండింది. ఎవరి మీద అని అడిగితే, ముందు ఆ పిల్ల మీదే. నొక్కితే ఏం పోతుంది దీనికి?

చెవిపూసలో ఫణీంద్ర గొంతు పలికింది. మేడ మీద పర్యవేక్షకుడి గదిలో కూర్చుని మాట్లాడుతున్నాడు. మెట్లు దిగి వచ్చి చెప్పొచ్చు, కానీ దిగడు. ఆ మండలంలోని బడుల పాఠక్రీడలన్నీ అతని బల్ల మీదుగానే నడుస్తాయి. దీవెన పేరు మీద అరువు నొక్కులు, అంటే ఆ పిల్ల బదులు మల్లేశ్వరి నొక్కినవి, హద్దు దాకా వచ్చాయనీ, ఈ పూట ఇంకొక్కటి పడితే పిల్ల దానంతటదే ఉపశాఖకు మారిపోతుందనీ, అందులో తన చేతిలో ఏమీ లేదనీ చెప్పాడు. ఆ చివరి మాట అతనికి ఊతపదం. చేతిలో ఏమీ లేనివాడికి అంత పెద్ద కుర్చీ ఎందుకో ఆమె అడగలేదు. విన్నానని మాత్రం చెప్పింది.

ఉపశాఖ అన్నది ఆఫీసు మాట. పిల్లలు గుర్తుల షెడ్డు అంటారు. కాలవ అవతల రేకుల కప్పు కింద ఉంటుంది. అక్కడ కథలుండవు, పాఠాలుండవు. తెర మీద బొమ్మలు వచ్చి పోతూ ఉంటే వాటి పేర్లు చెబుతూ కూర్చోవాలి, యంత్రాలు విని నేర్చుకుంటాయి. దీవెన పెద్దమ్మ కూతురు కొన్నేళ్లుగా అక్కడే ఉంది. ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లో కూడా వాక్యం మాట్లాడదట. చెట్టు, గొడుగు, కుక్క, మనిషి అంటూ కనబడిన దాని పేరు చెప్పి ఆగిపోతుందట. నిన్న సాయంత్రం దీవెన తల్లి మరియమ్మ రొయ్యల కంపెనీ నుంచి తిన్నగా బడి గేటు దగ్గరికి వచ్చి ఈ సంగతి చెప్పింది. ఏడవలేదు. తన కూతుర్ని కూడా అక్కడికి తోలితే ఇక తన ఇంట్లో తనతో మాట్లాడే మనిషి ఎవరుంటారని మాత్రం అడిగింది. మల్లేశ్వరి చూద్దాంలే అంది. చూద్దాంలే అనడం ఎంత చవక మాటో అన్నాక గానీ ఆమెకు తెలియలేదు.

నిజానికి ఆటల మీద ఆమెకు పగేమీ లేదు. ఆ మాటకొస్తే వాటిని ఈ బడికి తెచ్చినవాళ్లలో ఆమె ఒకతె. అప్పట్లో ఆమే, ఫణీంద్రా పక్కపక్క తరగతుల్లో తెలుగు చెప్పేవాళ్లు. పొద్దున పుస్తకంలో కథ చదివించడం, మధ్యాహ్నం అదే కథను ఆటగా ఆడించడం, తాము ఆడిన దానికీ పుస్తకంలో ఉన్న దానికీ తేడా ఎక్కడ వచ్చిందో మర్నాడు పిల్లలు పేజీలు తిరగేసి పోట్లాడుకోవడం. పుస్తకమంటే ఆమడ దూరం పరిగెత్తే గడుగ్గాయి కూడా తగువు గెలవడం కోసం కథను మూడుసార్లు చదివేవాడు. ఆ పద్ధతి ఇద్దరూ కలిసి కనిపెట్టిందే. పైవాళ్లు వచ్చి చూశారు, మెచ్చుకున్నారు, మెచ్చుకుని చదివే పూటను ఎత్తేశారు. ఆటలోనే ఫలితం వస్తుంటే పుస్తకం దండగ కదా అన్నారు. పుస్తకాలను కాగితపు గుజ్జు మిల్లుకు పంపడానికి తెలుగు పంతుళ్లిద్దరి ఒప్పుదలా కావాల్సి వస్తే, ఇద్దరి తరఫునా ఫణీంద్రే ఒప్పేసుకున్నాడు. మల్లేశ్వరి అప్పుడు పురిటి సెలవులో ఉంది. చంటిబిడ్డను తల్లి దగ్గర వదిలి తిరిగొచ్చేసరికి బీరువాలు ఖాళీ, ఫణీంద్ర మేడ మీద. అప్పటి నుంచి అతనితో అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అతనూ ఏనాడూ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏమనేదో ఆమెకే తెలియదు.

గంట మోగింది. పిల్లలు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చారు. గది నిండా స్పర్శచాపలు పరిచి ఉంటాయి. చెప్పుకాలు పడితే పాఠం తెరుచుకోదు. పర్యవేక్షకుడైనా సరే, వట్టికాళ్లతో రావలసిందే.

లోహిత్ లోపలికి వస్తూనే దీవెన చాపను కాలితో వెనక్కి తోశాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. ఒక్కొక్క అరువు నొక్కుకూ తరగతి వరస ఒక్కొక్క మెట్టు జారుతుంది. వరస జారితే శనివారం స్వేచ్ఛాక్రీడ పోతుంది. ఎన్ని శనివారాలు పోయాయో ప్రతి పిల్లకీ గుర్తే. దీవెనను వాళ్లు పేరు పెట్టి పిలవడం మానేశారు. రాయి అంటారు. రాయి వచ్చింది, రాయి పక్కన కూర్చోకు, రాయికి నీళ్లివ్వకు. మొదట్లో మల్లేశ్వరి కసురుకునేది. కసిరిన కొద్దీ ఆ కోపం కూడా పిల్ల నెత్తికే చుట్టుకుంటోందని మానేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా పంతులమ్మ ప్రేమ కూడా తోడైతే ఆ పిల్ల ఏం తట్టుకుంటుంది?

తొడుగులు పంచుతూ దీవెన దగ్గర వంగి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇవాళ ఏదో ఒకటి నొక్కవే తల్లీ. తప్పయినా సరే. తప్పు నొక్కినోళ్లని ఎవరూ షెడ్డుకి పంపరు."

దీవెన తొడుగు వేలికి ఎక్కించుకుంటూ ఆలోచించింది. మొండితనం కాదు, పొగరు కాదు. నిజంగానే ఆలోచించింది. ఆమెతో వచ్చిన చిక్కే అది.

"తెలియకుండా ఎట్టా నొక్కను మేడం?"

"వీళ్లంతా తెలిసే నొక్కుతున్నారా?"

"ఏమో మేడం. వాళ్లకి తెలిసిద్దేమో."

మీ అమ్మ నిన్న వచ్చింది అని చెప్పబోయి మింగేసింది మల్లేశ్వరి. ఆ పిల్లకు అన్నీ తెలుసు. తెలిసి కూడా నొక్కదు. చెంప మీద ఒకటి ఇచ్చి ఆ వేలు పట్టుకుని నొక్కించాలన్నంత కోపం వచ్చింది, వచ్చినందుకు సిగ్గూ వేసింది. తన బల్ల దగ్గరికి వెళ్లి ఎర్రతొడుగు తొడుక్కుంది. దాన్ని తోడువేలు అంటారు. మలుపు దగ్గర మీటలు వెలిగాక ఇచ్చే కాస్త వ్యవధి, రెప్పగడువు, దాటేలోగా ఏ పిల్లయినా నొక్కకపోతే ఆ పిల్ల బదులు పంతులు నొక్కాలి. ఆ నొక్కు పిల్ల పేరు మీద అరువుగా పడుతుంది. పంతులు కూడా నొక్కకపోతే ఏమిటన్నది నిబంధనల్లో ఎక్కడో ఒక్క వాక్యం ఉంది: అప్పుడు దోషం పంతులుది. ఆ వాక్యంతో ఇంతవరకూ ఎవరికీ పని పడలేదు. ఉద్యోగం చేదెవరికి?

పాఠం మొదలవుతోందని నట్టువ తాళం కొట్టింది. గోడ నిండా వెలుగు పరుచుకుంది.

నట్టువ అన్నది పాఠాన్ని నడిపే యంత్రం పేరు. ఆ పూట అదే కథ ఆడుతున్న బడులన్నిటినీ అది ఒకే తాడుకు కడుతుంది. అందరూ ఒకే మలుపు దగ్గర ఒకేసారి ఏం ఎంచారో పోల్చి చూడటమే దానికి విద్య. అందుకని ఏ గదిలోనూ ఒక్క పీట కూడా ఖాళీగా ఉండకూడదు. ఒక్కరు ఆగితే తాడంతా ఆగుతుంది.

ఆ రోజు కథ నూకాలు కథ. ఫణీంద్ర బల్ల మీద ఎన్ని కథలుంటే ఇదే రావాలా అనుకుంది మల్లేశ్వరి. అచ్చులో అది ఆరు పేజీల చిన్న కథ. భర్త పోయిన నూకాలు పొత్తిళ్ల బిడ్డతో పుట్టింటికి వస్తే, అన్న సింహాద్రి ఆమెను వాకిట్లోంచే తిప్పి పంపేస్తాడు. ఆమె ఎక్కడెక్కడో కూలికి పోయి, బిడ్డను పెంచి, ఓ పాక వేసుకుంటుంది. ఏళ్లు గడిచాక ఒక మిట్టమధ్యాహ్నం అదే అన్న ఆమె వాకిట్లో నిలబడి ఉంటాడు. కంచంలో అన్నం పెట్టుకుని తినబోతున్న నూకాలు లేచి గుమ్మం దాకా వస్తుంది. ద్వారబంధం మీద చెయ్యి వేసి నిలబడుతుంది. ఏమీ అనదు. లోపల అన్నం చల్లారుతుంది. అంతే కథ. నిలబడటాన్ని ఆటగా ఎలా కట్టాలో తయారీవాళ్లకు తోచలేదు. చివరి పేజీ తీసేసి మూడు మీటలు పెట్టారు: పిలువు, గెంటు, తలుపు మూయి.

పాఠం మొదట్లో చకచకా సాగింది. బిడ్డ ఏడిస్తే ఏం చెయ్యాలి, మేస్త్రీ కసిరితే ఏమనాలి, వాన పడితే పాక మీద ఏం కప్పాలి, ఒక్కొక్క మలుపూ వచ్చి పోయింది. వాటిల్లో దీవెన వేలు లోహిత్ వేలి కంటే ముందే పడుతోంది. తనకు తెలిసిన చోట ఆ పిల్ల ఎప్పుడూ తడుముకోదు. ఆ సంగతి నట్టువ లెక్కలోకి రాదు. ఆగిన చోట్లనే అది లెక్కపెడుతుంది.

చివరి మలుపు వచ్చింది. గోడ మీద ఇటు గుమ్మంలో నూకాలు, అటు వాకిట్లో అన్న. ఎవరి చాప మీద వాళ్లకు మూడు మీటలూ వెలిగాయి. తొడుగులు టపటపమని పడ్డాయి. లోహిత్ చూడకుండానే నొక్కి కిటికీ వైపు తిరిగాడు. రెప్పగడువు కరిగిపోతుంటే గోడ అంచున సన్నటి గీత కురచవుతూ వచ్చింది. దీవెన వేలు చాప మీద అంగుళం ఎత్తున ఆగి ఉంది. గీత అయిపోయింది. మల్లేశ్వరి బల్ల మీద ఎర్రదీపం వెలిగింది.

ఇన్నాళ్లూ ఆ దీపం వెలిగిన మరుక్షణం ఆమె నొక్కేసేది. అదీ ఎప్పుడూ మంచి మీటే. పిలువు, క్షమించు, చెయ్యి అందించు. పిల్లకు మంచే చేస్తున్నాననుకునేది. ఇప్పుడు ఎర్రతొడుగు కింద తన వేలు చూసుకుంది. ఈ వేలితో ఒక్కసారి నొక్కితే పాఠం కదులుతుంది, ఫణీంద్ర సంతోషిస్తాడు, మండలంలో అందరూ ఇంటికి పోతారు, ఈ పిల్ల ఒక్కతీ కాలవ దాటుతుంది. పిలువు అని నొక్కి ఒక పిల్లను బయటికి గెంటాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, ఆ నుయ్యీ గొయ్యీ తవ్వినవాళ్లెవరో ఆమెకు బాగా తెలుసు.

ఆమె చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

నట్టువ తోడువేలు అని ఒకసారి పలికింది. కాసేపటికి ఇంకోసారి పలికింది. దాని గొంతులో కోపం ఉండదు, అదే వినడానికి కష్టం. మూడోసారి పలికాక ఊరుకుంది. ఆ తర్వాత ఏమనాలో దానికి ఎవరూ నేర్పలేదు.

పిల్లలకు సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థం కాగానే గదిలో గాలి మారిపోయింది. దీపం వెలిగిందని ఒకరు, నొక్కండి మేడం అని మరొకరు, రాయి వల్ల ఇంకో శనివారం పోయిందని వెనకనుంచి ఒకరు. హన్విక అనే పిల్ల తన చాప మీంచి పాక్కుంటూ వచ్చి దీవెన మణికట్టు పట్టుకుని నేలకేసి నొక్కబోయింది. మల్లేశ్వరి లేచి వెళ్లి ఆ చెయ్యి విడిపించి, హన్వికను చోటికి పొమ్మంది. పిల్లల కళ్లల్లో ఇప్పుడు కసి పంతులమ్మ మీదికి మళ్లింది. రానీ అనుకుంది. కనీసం ఒక్క పూటయినా అది సరైన చోటికి వచ్చింది.

చెవిపూస గరగరలాడింది. ఫణీంద్ర మొదట మెత్తగానే మాట్లాడాడు. తోడువేలు పాడైందేమోనని అడిగాడు. పాడవలేదని ఆమె చెప్పింది. అయితే నొక్కమన్నాడు. తాడుకు కట్టిన బడులన్నీ ఆగిపోయాయనీ, అన్ని గదుల గోడల మీదా నూకాలు గుమ్మంలోనే నిలబడి ఉందనీ, పైనుంచి తనకు ఫోన్లు మొదలయ్యాయనీ చెప్పాడు. ఆ మాటల్లో బెదురు తొంగిచూసింది. దోషం ఎవరి మీద పడుతుందో తెలుసా అని అడిగాడు. తెలుసంది.

"ఒక్క పిల్ల కోసం నీ ఉద్యోగం నువ్వే పోగొట్టుకుంటావా?"

గారూ, మీరూ అన్నీ పోయి చాలా ఏళ్ల తర్వాత నువ్వు అన్నాడు. పక్కపక్క తరగతుల్లో ఉన్నప్పటి పిలుపు అది. అది కూడా ఇలాంటప్పుడే గుర్తుకొచ్చిందా అనుకుని ఆమె చెవిపూస తీసి వెనిగరు గిన్నెలో పడేసింది.

గదిలో అరుపులు తగ్గాయి. అరిచినా ఏమీ కదలదని పిల్లలకు తెలిసిపోయింది. బయటికి పోవడానికి లేదు, పాఠం ముగిసేదాకా గుమ్మం దాటితే పీట ఖాళీ అయినట్టు లెక్క. చెయ్యడానికి పని లేక, చూడటానికి వేరే ఏమీ లేక, ఒక్కొక్కరే గోడ వైపు చూడసాగారు.

ఆటలో బొమ్మలు బిగుసుకుపోయినట్టు కనబడకూడదని తయారీవాళ్లు వాటికి చిన్న చిన్న కదలికలు పెట్టారు. ఊపిరి తీసుకోవడం, కొంగు రెపరెపలాడటం, ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం లాంటివి. రెప్పగడువు దాటి వాటిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూసే తీరిక ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు నూకాలు వేళ్లు ద్వారబంధాన్ని ఒకసారి గట్టిగా పట్టుకుని మళ్లీ వదులవుతున్నాయి. వెనక కంచంలోంచి లేచే ఆవిరి పల్చబడింది. వాకిట్లో సింహాద్రి కుడికాలు ఎత్తి ఎడమ పాదం మీద పెట్టాడు. కాసేపటికి ఎడమకాలు ఎత్తి కుడి పాదం మీద పెట్టాడు.

"ఆయనకి చెప్పుల్లేవు," అంది హన్విక. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"కాళ్లు కాలతన్నాయి," అన్నాడు వెనకనుంచి ఒకడు.

అప్పుడు లోహిత్ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు. చాలాసేపు చూశాడు. తరగతిలో అందరికంటే ఎక్కువ గెలిచినవాడు, ఏ మలుపు దగ్గర ఏ మీటకు ఎన్ని మార్కులు వస్తాయో కంఠతా వచ్చినవాడు. వాడి మొహంలో చిరాకు పోలేదు గానీ దానిలోకి ఇంకేదో వచ్చి చేరింది.

"ఎంత దూరం నడిచొచ్చాడు మేడం?"

ఆ గదిలో ఒక పిల్లవాడు కథ గురించి ప్రశ్న అడిగి ఎన్నేళ్లయిందో మల్లేశ్వరికి గుర్తు లేదు. వాళ్లను ఎప్పుడూ అడగడమే తప్ప, అడగనిచ్చింది లేదు. రెండు వాగులు దాటి వచ్చాడని పుస్తకంలో ఉండేదని చెప్పింది. ఏ పుస్తకమని అడిగారు. దీనికి పుస్తకం ఉండేదని చెప్పింది. అందులో తర్వాత ఏమైందని అడిగారు.

"తర్వాత లేదు. ఇలా నిలబడి ఉండగానే కథ అయిపోయింది."

గది భగ్గుమంది. అదేం కథని, అదేం మోసమని, చివర చెప్పకుండా ఎలా ఆపుతారని, రాసినవాడికి రాయడం రాకపోతే తమ శనివారాలేం చేశాయని గోలగోలగా తిట్టారు. మల్లేశ్వరికి కోపం రాలేదు. ఒకప్పుడు పుస్తకాలు చేతిలో పట్టుకుని ఇలాగే తిట్టేవాళ్లు. ఆ తిట్లు వినక చెవులు ఎండిపోయాయని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

గోల నడుమ దీవెన ఏదో అంది. ఎవరికీ వినబడలేదు. మల్లేశ్వరి మళ్లీ చెప్పమంది.

"ఆయన అడగలేదు కదా మేడం."

"ఎవరు?"

"వాళ్లన్న. ఊరికే వచ్చి నిలబడ్డాడు. తప్పయిందనో, ఆకలేస్తందనో, ఏదో ఒకటి ఆయనే అనాల. ఆయన నోరు తెరవకుండా ఈమె చేతనే నొక్కిస్తారేంది? మీట ఆయనకి కదా పెట్టాల్సింది."

గోడ మీద సింహాద్రి మళ్లీ కాలు మార్చాడు. ఎన్ని తరగతులు ఎన్నిసార్లు ఆడిన కథ అది. పిలవాలా, గెంటాలా అని తలలు బద్దలు కొట్టుకున్నవాళ్లే గానీ ఆ వాకిట్లో మనిషికి కూడా నోరుందని ఎవరూ అనుకోలేదు. మల్లేశ్వరి కూడా అనుకోలేదు. ఎంతమంది పిల్లల బదులు ఎన్నిసార్లు పిలువు అని నొక్కిందో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

లోహిత్ తన వేలి వైపు చూసుకున్నాడు.

"నేను గెంటు నొక్కా. ఎప్పుడూ అదే. దానికే ఎక్కువొస్తయ్." మళ్లీ గోడ వైపు చూశాడు. "ఎనక్కి తీసుకోవచ్చా మేడం?"

"దానికి మీట లేదురా."

వాడు తొడుగు కొస పళ్లతో పట్టుకుని లాగేసి చాప మీద పెట్టాడు. పీట ఖాళీ అయినట్టు మల్లేశ్వరి బల్ల మీద రెండో దీపం వెలిగింది. హన్విక ఏడుపు మొహంతో వాణ్ని తిట్టింది. తిట్టి, తన తొడుగూ తీసేసింది. ఆ తర్వాత ఎవరు ముందు తీశారో, ఎవరు వెనక తీశారో తెలియలేదు. దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగి బల్లంతా ఎర్రబడింది. ఏ పిల్ల పేరు మీద అరువు రాయాలో నట్టువకు పాలుపోలేదు. తాళం ఒకసారి తప్పుగా వేసి ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు మాత్రం తియ్యలేదు. వాళ్లు దీవెనను అప్పటికీ మింగేసేలాగే చూస్తున్నారు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది.

మల్లేశ్వరి లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఫణీంద్ర వరండాలోకి వచ్చాడు. మెట్లు దిగడం అలవాటు తప్పిన మనిషి, ఆయాసపడుతున్నాడు. చేతిలో పలక, కుడిచేతికి నల్లతొడుగు. దాన్ని పైవేలు అంటారు. మండలంలో ఏ పీట తరఫునైనా అది నొక్కగలదు, కాకపోతే ఆ గది గడప దగ్గరికి రావాలి. ఒక్క నొక్కు చాలు, దీవెన పీట నిండుతుంది, మిగతావాళ్ల నొక్కులు ముందే పడ్డాయి గనక పాఠం కదులుతుంది, పిల్ల షెడ్డుకు పోతుంది. అతను బూట్లు విప్పాడు, మేజోళ్లు విప్పాడు. ఎండ మొహానే కట్టిన వరండా, సిమెంటు గచ్చు మిట్టమధ్యాహ్నం పెనంలా ఉంటుంది. గడప దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ద్వారబంధం మీద ఉంది.

ఆమె కావాలని పెట్టలేదు. చెయ్యి అలా పడింది, అంతే. పక్కకు మాత్రం తియ్యలేదు.

మిగతా బడుల్లో కూడా పిల్లలు తొడుగులు తీసేస్తున్నారనీ, కొన్నిచోట్ల ఇదేం కథని పంతుళ్లను నిలదీస్తున్నారనీ, పరిస్థితి చెయ్యి దాటితే తాను ఎవరినీ కాపాడలేననీ అతను గబగబా చెప్పుకుపోయాడు. పలక వెలిగింది. దీవెన పేరు, దాని కింద మూడు మీటలు. గడువు గీత కురచవడం మొదలైంది. ఇప్పుడు గడువు అతనిదే.

"నీకు ఏం కావాలి ఫణీంద్రా?" అని అడిగింది మల్లేశ్వరి.

అతను నోరు తెరిచాడు. ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. గోడ నిండా నూకాలు, ద్వారబంధం మీద చెయ్యి. వాకిట్లో చెప్పుల్లేని మనిషి. ఆ కథను ఒకప్పుడు అతను కూడా చెప్పినవాడే. చివరి పేజీ చదివి, పుస్తకం మూసి, పిల్లల చేత తిట్లు తిన్నవాడే. చాపల మీద పిల్లలు గోడ వైపు చూడటం మానేసి అతని కాళ్ల వైపు చూస్తున్నారు. అతను కుడికాలు ఎత్తి ఎడమ పాదం మీద పెట్టాడు.

"ఈయన కూడా అడగడేమో," అన్నాడు లోహిత్ మెల్లగా.

పలక మీద గీత సగమైంది. నల్లతొడుగు మీట మీదికి దిగి, తాకకుండా ఆగింది. మల్లేశ్వరి ఆ వేలు పట్టుకోలేదు, బతిమాలలేదు. పుస్తకాల సంగతి ఎత్తలేదు, పిల్లను ఏం చెయ్యొద్దని కూడా అనలేదు. ఇన్నేళ్లూ అందరి తరఫునా తానే నొక్కింది. ఈ ఒక్కటి మాత్రం అతను తేల్చుకోవాలి.

గీత అయిపోయింది. ఫణీంద్ర నొక్కలేదు.

పలక దానంతటదే ఆరిపోయింది, దీవెన పేరు మీద అరువు పడలేదు. అతను దాన్ని చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. గచ్చు కాలుతోంది. అతను మళ్లీ కాలు మార్చుకున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.